రెడ్లికియా: తల్లాడ రాళ్లకు అందని తొలితరం ట్రైలోబైట్

రెడ్లికియా అంతరించిపోయిన ఒక సముద్రజీవి ప్రజాతి. కేంబ్రియన్ యుగం తొలి భాగంలో, ఇప్పటికి దాదాపు 51 కోట్ల ఏళ్ల కిందట, లోతు తక్కువ సముద్రాల అడుగున బతికింది. రొయ్యలు, పీతలు, తేళ్లు, జెర్రులు చేరిన ఆర్థ్రోపోడా వర్గంలో ట్రైలోబైట్లది ఒక పెద్ద శాఖ. ఆ శాఖలో ముందుగా పుట్టినవాటిలో రెడ్లికియా ఒకటి. ఈ ప్రజాతికి ఆధారంగా తీసుకున్న జాతి భారత ఉపఖండపు రాళ్లలో దొరికిందే. అయినా తెలుగు నేల మీద దీని ఆనవాలు లేదు. ఖమ్మం జిల్లా తల్లాడ కేంద్రంగా చుట్టుపక్కల రాళ్లను పరిశీలిస్తే కొన్ని దీనికంటే వంద కోట్ల ఏళ్లకు పైగా పాతవి, మరికొన్ని దీనికంటే ఇరవై కోట్ల ఏళ్లకు పైగా కొత్తవి. నడుమ ఉండాల్సిన పొరే లేదు. అందుకే ఈ జీవి ఎక్కడ ఉందన్నదాంతో పాటు ఇక్కడ ఎందుకు లేదన్నదీ తెలుసుకోదగిన విషయమే.

శరీర నిర్మాణం

ట్రైలోబైట్ వీపు మీది కవచం కాల్సైట్ అనే ఖనిజంతో గట్టిపడింది. అంత గట్టిది కనుకే రాతిలో నిలిచింది. పొడవునా చూస్తే ఆ కవచంలో మూడు పట్టీలు కనిపిస్తాయి: నడుమ ఉబ్బెత్తుగా ఒకటి, దానికి అటూ ఇటూ చదునుగా రెండు. అడ్డంగా చూస్తే తల, మొండెం, తోక. కడుపు వైపు కాళ్లు, మొప్పలు, తల ముందు మీసాలు ఉండేవి కానీ, అవి మెత్తనివి కావడంతో శిలాజాల్లో చాలా అరుదుగా మిగులుతాయి.

రెడ్లికియాను గుర్తుపట్టేది తలను బట్టి. తల వెడల్పుగా, అర్ధవృత్తాకారంలో ఉంటుంది. రెండు మూలల నుంచీ వెనక్కి సాగిన ముళ్లు, నడుమ ముందుకు పోయేకొద్దీ సన్నబడే ఉబ్బు, దాని పక్కనే పొడవుగా వంపు తిరిగిన కంటి గట్లు. తర్వాతి కాలపు ట్రైలోబైట్లు చాలావాటిలో ఈ గట్లు పొట్టివయ్యాయి. మొండెంలో పదికి పైగా ఖండాలు, వెనక భాగంలో ఒక ఖండం నడుమ నుంచి వెనక్కి వాలిన పొడవాటి ముల్లు, చివర మరీ చిన్న తోక. ఎక్కువ ఖండాలు, చిన్న తోక ఉండటం తొలితరం ట్రైలోబైట్ల లక్షణం. తోక పెద్దదై తలకు సరిపోయేలా పెరిగాక వచ్చినవి ప్రమాదం వస్తే రోకలిబండ పురుగులా చుట్ట చుట్టుకోగలిగాయి. తొలితరానికి ఆ సౌకర్యం అంతగా అమరలేదు.

అదే కాలంలో ఉత్తర అమెరికా వైపు సముద్రాల్లో ఒలెనెల్లస్ అనే మరో ట్రైలోబైట్, దాని బంధువులు ఉండేవి. పైపైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ముఖం మీది అతుకులో ఉంది. రెడ్లికియా తల మీద కంటి పక్కగా సాగే సన్నని అతుకు గీత ఉంటుంది, ఒలెనెల్లస్‌కు అది లేదు. ఆ గీత జీవికి చాలా అవసరమైనది. ఆర్థ్రోపోడా జీవులు పెరగాలంటే పాత పెంకును వదిలించుకోవాలి. అప్పుడు రెడ్లికియా తల ఆ అతుకుల దగ్గర ఊడి, చెంపలు వేరుపడి, జీవి ముందు నుంచి బయటికి వచ్చేది. రాళ్లలో చాలాచోట్ల చెంపలు తలకిందులై, మొండెం మాత్రం చెక్కుచెదరకుండా దొరుకుతుంది. కనుక మ్యూజియంలో అద్దం వెనక ఉన్న ట్రైలోబైట్ ముక్క చూసి అది అక్కడే చచ్చిపోయిందని అనుకోనక్కర్లేదు. అలాంటి ముక్కల్లో చాలా భాగం విడిచేసిన కుబుసాలే. ఒక్కో జీవి బతుకంతా ఎన్నో కుబుసాలు విడవడం కూడా ట్రైలోబైట్ శిలాజాలు అంత విరివిగా దొరకడానికి ఒక కారణం.

ఉప్పు కొండల్లో పుట్టిన పేరు

ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లో, జీలం నదికి ఉత్తరంగా సాల్ట్ రేంజ్ అనే కొండల వరస ఉంది. మన పచారీ కొట్లలో సైంధవ లవణం, హిమాలయన్ పింక్ సాల్ట్ పేర్లతో అమ్మే లేత గులాబీ ఉప్పుకు పేరుపడ్డ ఖేవ్రా గని అక్కడిదే. ఉప్పు పొర పైన ఎర్రటి ఇసుకరాయి, దాని పైన కుస్సక్ అనే పొర, ఆపైన డోలమైట్ ఉన్న పొర. ఖేవ్రా ఉప్పు గనుల్లో పనిచేసిన హెన్రీ వార్త్ ఈ కొండల్లో శిలాజాలు ఏరేవాడు. ఆయన పేరు మీదే పురాజీవశాస్త్రవేత్త విల్‌హెల్మ్ వాగెన్ ఒక గవ్వ లాంటి చిన్న జీవికి నియోబోలస్ వార్తి అని పేరు పెట్టాడు.

భారత భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త ఫ్రిట్జ్ నోట్లింగ్ కూడా అక్కడ పనిచేశాడు. ఆస్ట్రియా భూవిజ్ఞాని కార్ల్ ఆగస్ట్ రెడ్లిక్ సాల్ట్ రేంజ్ ట్రైలోబైట్లను పరిశీలించి, 1899లో సర్వే వారి 'పాలియంటోలాజియా ఇండికా' గ్రంథమాలలో వర్ణించాడు. ప్రజాతికి హోఫెరియా అనే పేరూ, జాతికి నోట్లింగ్ పేరూ పెట్టాడు. అయితే హోఫెరియా పేరు అప్పటికే మరో జీవికి ఉంది. జంతువుల నామకరణంలో ఒక పేరు రెండు ప్రజాతులకు చెల్లదు. 1902లో ఫ్రాన్సుకు చెందిన మారిస్ కోస్‌మాన్ ఆ పేరు తీసేసి, వర్ణించినవాడి పేరే ప్రజాతికి పెట్టాడు. అలా రెడ్లికియా నోట్లింగి స్థిరపడింది. కోస్‌మాన్ వృత్తిరీత్యా రైల్వే ఇంజనీరు. శిలాజాలు, ముఖ్యంగా గవ్వలు, ఆయన వ్యాపకం. పురాజీవశాస్త్రంలో ఉద్యోగం ఒకటీ పేరు తెచ్చిన పని ఇంకొకటీ అయిన మనుషులు ఆ రోజుల్లో చాలామందే కనిపిస్తారు.

ఇక్కడే రెడ్లికియా మీద ఒక పెద్ద తగాదా ఆధారపడింది. ఉప్పు పొర ట్రైలోబైట్ పొరలకు కింద ఉంది కనుక వాటికంటే పాతదై ఉండాలి. పొరలు తారుమారు కాకపోతే లెక్క అంతే. కానీ 1940ల్లో వృక్షశిలాజ శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని ఉప్పునూ, దాని వెంట ఉన్న మట్టిరాళ్లనూ కరిగించి సూక్ష్మదర్శినిలో చూస్తే కలప నలుసులు, మొక్కల పొట్టు కనిపించాయి. కేంబ్రియన్ కాలంలో నేల మీద చెట్లే లేవు. కనుక ఉప్పు ఐదు కోట్ల ఏళ్ల నాటి ఇయోసీన్ యుగానిదేననీ, భూకదలికల్లో పాత రాళ్లు జారివచ్చి కొత్త ఉప్పు మీద ఎక్కి కూర్చున్నాయనీ ఆయన వాదించాడు. ఈ ఒక్క ప్రశ్న మీదే భారతదేశంలో ఆ దశకంలో రెండు చర్చాసభలు జరిగాయి. క్షేత్రంలో పొరలు కొలిచినవారు ఒకవైపు, ప్రయోగశాలలో నలుసులు చూసినవారు ఇంకోవైపు నిలబడ్డారు.

చివరికి ట్రైలోబైట్ పక్షమే నెగ్గింది. ఉప్పు ప్రీకేంబ్రియన్ (కేంబ్రియన్‌కు ముందటి కాలం) చివర, కేంబ్రియన్ మొదట్లోదని ఇప్పుడు అంగీకరిస్తున్నారు. నలుసులు తర్వాత లోపలికి చేరినవేనన్నది నేటి అభిప్రాయం. అయితే సాహ్ని పూర్తిగా తప్పని కొట్టిపారేయడం న్యాయం కాదు. రాళ్లు జారాయన్న మాట నిజం. మెత్తని ఉప్పు పొర మీదుగా పైపొరలన్నీ దక్షిణానికి ఎన్నో కిలోమీటర్లు జరిగాయి. జారినవి ఉప్పును వదిలిపెట్టి రాలేదు, వెంటబెట్టుకునే వచ్చాయి. ఆయన లక్నోలో స్థాపించిన సంస్థకు 1949 ఏప్రిల్ 3న నెహ్రూ శంకుస్థాపన చేశారు. వారానికి సాహ్ని కన్నుమూశాడు.

హిమాలయాల్లో

తెలుగువారి పూజామందిరాల్లో ఉండే సాలగ్రామాలు చాలావరకు హిమాలయాల నుంచి వచ్చిన అమ్మోనైట్ శిలాజాలు, సముద్రజీవులు. హిమాలయాల ఉత్తర భాగం ఒకప్పుడు సముద్రపు అడుగన్న సంగతి అలా మన ఇళ్లకు చేరింది. అయితే అవి జురాసిక్ కాలానివి. అదే సముద్ర తీరం వెంట వాటికి ముప్ఫై ఐదు కోట్ల ఏళ్లకు మునుపు తిరిగినవి రెడ్లికియాలు.

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి ప్రాంతంలో హెచ్.హెచ్. హేడెన్ సేకరించిన కేంబ్రియన్ శిలాజాలను ఎఫ్.ఆర్. కౌపర్ రీడ్ 1910లో వర్ణించాడు. కశ్మీర్‌లో డి.ఎన్. వాడియా కనుగొన్న ట్రైలోబైట్లను కూడా రీడే 1934లో ప్రచురించాడు. తర్వాత కశ్మీర్‌లోనూ, మసూరీ కొండల్లోని తాల్ అనే రాళ్లలోనూ రెడ్లికియా దొరికింది. మసూరీ సంగతి 1980ల్లో గానీ తేలలేదు. అంతవరకు ఆ రాళ్ల వయసు మీద ఎవరి అంచనా వారిదే. కొందరు వాటిని డైనోసార్ల కాలానికి తెచ్చేవారు. శిలాజం ఒక్కటి చిక్కేసరికి వయసు కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్లింది.

దీని ఫలితం శిలాజశాస్త్రంతో ఆగలేదు. సాల్ట్ రేంజ్, మసూరీ, స్పితి మూడూ ఇప్పుడు పెద్ద పెద్ద భ్రంశాల వల్ల వేరుపడ్డ మూడు రాతి మండలాలు. ఇవి వేర్వేరు భూఖండాల ముక్కలు కలిసి ఏర్పడ్డాయని ఒక వాదన ఉండేది. పాల్ మైరో, నైజెల్ హ్యూస్, వారి సహచరులు 2003 నుంచి ప్రచురించిన పరిశోధనల్లో ఈ మండలాల్లో ఇసుక ఒకేచోటి నుంచి వచ్చిందనీ, ట్రైలోబైట్లు ఒకే కుదురువనీ చూపించారు. అంటే భారత ఖండపు ఉత్తర తీరం అప్పట్లో ఒకటే. తర్వాత హిమాలయం లేచినప్పుడు మడతలు పడి విడిపోయింది.

హిమాలయ శిలాజాల విషయంలో ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ 'నేచర్' పత్రికలో ఒక మోసాన్ని బయటపెట్టాడు. ఎక్కడెక్కడి దేశాల శిలాజాలనో హిమాలయాల్లో దొరికాయని చెప్పి ఏళ్ల తరబడి వ్యాసాలు వచ్చాయి. దొరికిన చోటు అబద్ధమైతే ఎంత అందమైన శిలాజానికైనా విలువ ఉండదు.

ఆస్ట్రేలియా, చైనా

ఒక్క ప్రజాతి ఇంత విస్తారంగా ఉండటం అరుదు. చైనా, కొరియా, సైబీరియా, ఇరాన్, ఆస్ట్రేలియా అన్నింటా రెడ్లికియా జాతులు ఉన్నాయి. చార్లెస్ వాల్కాట్ 1905లో చైనా నుంచి రెడ్లికియా చైనెన్సిస్‌ను వర్ణించాడు. యున్నాన్ రాష్ట్రపు చెంగ్‌జియాంగ్‌లో దీని దగ్గరి బంధువైన ఇయోరెడ్లికియా మీసాలు, కాళ్లతో సహా దొరికింది. రెడ్లికియా కడుపు వైపు ఎలా ఉండేదో ఊహించడానికి చాలాకాలం అదే ఆధారం.

ఆ లోటు తీర్చింది దక్షిణ ఆస్ట్రేలియాలోని కంగారూ దీవి. అక్కడి ఎము బే రాళ్లలో రెడ్లికియా తకూఎన్సిస్ విరివిగా దొరుకుతుంది. 2019లో జేమ్స్ హోమ్స్, జాన్ ప్యాటర్సన్, డియెగో గార్సియా-బెలిడో అక్కడి నుంచే మరో కొత్త జాతిని ప్రకటించారు. దాని పేరు రెడ్లికియా రెక్స్. సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, అంటే బడిపిల్లల స్కేలంత. ఆ కాలపు ఆస్ట్రేలియా ట్రైలోబైట్లలో ఇది రాక్షసి. కొన్ని నమూనాల్లో కాళ్లు మిగిలాయి. కాళ్ల మొదట్లో బలమైన ముళ్లు ఉన్నాయి. ఆ ముళ్లతో గట్టి పెంకులను నలిపి నోటికి అందించేదని పరిశోధకుల అభిప్రాయం. అదే చోట రాయిగా మారిన పేడలో ట్రైలోబైట్ పెంకుల ముక్కలు కనిపించాయి. గాయాలు మాని గట్టిపడ్డ అంచులున్న నమూనాలూ దొరికాయి. పెద్ద రెడ్లికియాలు చిన్నవాటిని తినేవని ఈ ఆధారాలతో వాదిస్తున్నారు. బురదలో మేస్తూ ఎవరి జోలికీ పోని సాధుజీవులుగా ట్రైలోబైట్లను వర్ణించే పాఠ్యపుస్తకాలను ఇక సవరించుకోవాలి.

రెడ్లికియా ఎక్కువ కాలం నిలవలేదు. కేంబ్రియన్ మధ్యకు రాకముందే, సుమారు 51 కోట్ల ఏళ్ల ప్రాంతంలో, రెడ్లికియాలూ ఒలెనెల్లస్ బంధువులూ దాదాపు ఒకే విడతలో తుడిచిపెట్టుకుపోయాయి. ఉత్తర ఆస్ట్రేలియాలో కల్కరింజీ అనే చోట అప్పుడే భారీగా లావా పారింది. దానివల్ల వాతావరణం మారి, సముద్రంలో ప్రాణవాయువు తగ్గిందన్నది బలమైన వివరణ. మిగతా ట్రైలోబైట్లు మాత్రం 25.2 కోట్ల ఏళ్ల కిందటి పెర్మియన్ అంతం వరకు సాగాయి.

తల్లాడ చుట్టూ రాళ్లు

ఖమ్మం నుంచి వైరా మీదుగా సత్తుపల్లి వెళ్లే రోడ్డులో తల్లాడ ఒక కూడలి. అక్కడి నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వైపు ఇంకో రోడ్డు చీలుతుంది, పోనుపోను అడవి చిక్కబడుతుంది. ఈ రెండు దారుల మీద ప్రయాణిస్తే తెలంగాణ భూచరిత్ర చాలావరకు కాళ్ల కిందే ఉంటుంది, కేంబ్రియన్ తప్ప.

ఊరి కింద ఉన్నవి నైస్, షిస్ట్ వంటి రాళ్లు. ఎంతో లోతున వేడికీ ఒత్తిడికీ మారిపోయిన అతిపురాతన శిలలివి. ఖమ్మం షిస్ట్ పట్టీ అని భూవిజ్ఞానులు పిలిచేది ఈ ప్రాంతపు రాళ్లనే. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట గార్నెట్లకు పేరున్నది. పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన గార్నెట్ పూసల రాయి ఇక్కడిదేనని 2017లో వెలువడిన పరిశోధన చూపింది. గార్నెట్ పుట్టేంత వేడిని చూసిన రాయిలో పెంకు ఏదైనా ఉన్నా ఆనవాలు మిగలదు. ఇక ఖమ్మంలో కోసి పాలిష్ పట్టే గ్రానైట్ కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడ్డది, శిలాజాలకు అందులో చోటే లేదు.

ఉత్తరంగా పోతే పాకాల రాళ్లు వస్తాయి. కాకతీయుల నాటి పాకాల చెరువు పేరును ఈ రాళ్లకు పెట్టింది భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్. కారేపల్లి వైపు మాదారంలో విశాఖ ఉక్కు కర్మాగారం కోసం తవ్విన డోలమైట్ ఈ కుటుంబానిదే. ఇవి సముద్రంలో పేరుకున్న పొరలే కాబట్టి ట్రైలోబైట్ దొరుకుతుందని ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ వీటి వయసు 160 కోట్ల ఏళ్ల ప్రాంతం. అప్పటికి కాళ్లూ కళ్లూ ఉన్న జీవి భూమ్మీద లేదు. పాకాల డోలమైట్లలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవుల పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని అయిన గుబ్బలవి. ఈ ప్రాంతపు తొలి శిలాజాలు అవే అనుకోవచ్చు. పాకాల పైన ఉన్న ఎర్రటి సుల్లవాయి ఇసుకరాళ్లు కూడా ప్రీకేంబ్రియన్‌వే.

తర్వాతి పొర తాల్చీర్, గోండ్వానా రాళ్లలో అన్నింటికీ అడుగుది. ఇది హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గుండ్లతో ముప్ఫై కోట్ల ఏళ్ల నాడు ఏర్పడింది. దాని పైన బొగ్గు పొరలు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించింది కూడా విలియం కింగే. సింగరేణి చరిత్ర అక్కడ మొదలైంది. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో హక్కులు పొందింది, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదైంది. కింగ్ 1881లో ప్రాణహిత-గోదావరి లోయ మీద రాసిన గ్రంథం ఇప్పటికీ ఈ ప్రాంతపు భూవిజ్ఞానానికి మొదటి మెట్టు.

సత్తుపల్లి ఓపెన్‌కాస్టులోనో, కొత్తగూడెం గనిలోనో బొగ్గు పక్కన ఉండే నల్లటి షేల్ రాయిని పలకలుగా విడదీస్తే గ్లోసోప్టెరిస్ ఆకుల అచ్చులు కనిపిస్తాయి. నడుమ ఈనె, దాని నుంచి వల అల్లినట్టు సాగే సన్నని ఈనెలు ఉన్న నాలుక ఆకారపు ఆకు అది. అంటార్కిటికా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లోనూ అదే ఆకు ఉంది. ఆ కాలానికి ట్రైలోబైట్లు సముద్రాల్లో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి గానీ, ఈ లోయ అప్పటికి నదులు, చిత్తడి నేలలు. సముద్రజీవికి ఇక్కడ దారి లేదు. రెడ్లికియా సంతతి అప్పటికే అంతమై ఇరవై కోట్ల ఏళ్లు దాటింది.

సుల్లవాయికీ తాల్చీర్‌కూ నడుమ ఉన్న ఈ ఖాళీలోనే కేంబ్రియన్ మొత్తం జారిపోయింది. రెడ్లికియా కాలానికి భారత ఖండం గోండ్వానా మహాఖండంలో భాగం. ఉత్తర అంచు సముద్రానికి తెరుచుకుని ఉంది. తూర్పు కనుమల వైపు అంటార్కిటికా అతుక్కుని ఉంది. ఇప్పటి ఖమ్మం ఆ మహాఖండం లోపలి నేల. లోపలి నేల మీద మట్టి పేరుకోవడం కంటే వానకూ గాలికీ కొట్టుకుపోవడమే ఎక్కువ. ద్వీపకల్పంలో ట్రైలోబైట్ల జాడ అని చెప్పదగినవి రాజస్థాన్‌లో, బికనీర్ దగ్గరి దుల్మేరా ఇసుకరాళ్లలో ఉన్నాయి. అవి కూడా పెంకులు కావు. బురద మీద పాకిన చారలు, ఆగి తవ్వుకున్న గుంటలు.

ఇళ్లలో పరిచే కడప బండల్లో దొరకవా అని అడిగేవారుంటారు. దొరకవు. నల్లటి కడప రాయి కర్నూలు శ్రేణి సున్నపురాయి, అది కూడా ప్రీకేంబ్రియన్‌దే. సున్నపురాతి పలకల మీద అప్పుడప్పుడు నాచు కొమ్మలా కనిపించే నల్లటి గీతలు మొక్కలు కావు, మాంగనీసు ఖనిజం పగుళ్ల వెంట పాకి ఏర్పడ్డవి. ఇక్కడ దొరకవు కనుక కొనుక్కుందామనుకుంటే, ఆన్‌లైన్‌లో అమ్మే మొరాకో ట్రైలోబైట్లలో నకిలీలు చాలా ఉన్నాయి. వాటిని కొనేముందు తెలిసినవారికి చూపించడం మేలు.

తల్లాడ, సత్తుపల్లి, కొత్తగూడెం పరిసరాల్లో బావి తవ్వినప్పుడో, గని మట్టి కుప్పల్లోనో ఆకు అచ్చో ఎముకో కనిపిస్తే దాన్ని సుత్తితో విడగొట్టవద్దు. పక్కన నాణెం పెట్టి ఫొటో తీయండి. ఊరి పేరు, ఎంత లోతులో దొరికింది, రాయి రంగు రాసిపెట్టుకుని హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూవిజ్ఞాన సర్వే కార్యాలయానికి తెలియజేయండి.